కుంగుబాటు మందులు, సెరటోనిన్ గ్రాహకాలు: ఎలుకల ప్రయోగాలు చెప్పిన సంగతులు

కుంగుబాటు వ్యాధికి వైద్యులు నేడు ఎక్కువగా రాసే మాత్రలు వేసుకున్న కొద్ది గంటలకే మెదడులో తమ పని మొదలుపెడతాయి. నాడీకణాల మధ్య ఉండే సెరటోనిన్ అనే రసాయనం పాళ్లు ఆ గంటల్లోనే మారతాయి. అయినా రోగి మనసు తేలికపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. సెరటోనిన్ తగ్గితే దిగులు, పెరిగితే ఉల్లాసం అన్న లెక్క ఒక్కటే నిజమైతే ఇన్ని వారాల ఆలస్యానికి కారణం దొరకదు. అందువల్ల శాస్త్రజ్ఞులు ఆ రసాయనం ఎంత ఉందన్న ప్రశ్నతో ఆగకుండా, దాన్ని అందుకునే గ్రాహకాలు ఏవి, అవి మెదడులో ఎక్కడెక్కడ ఉన్నాయి, మందు వాడుతున్నకొద్దీ వాటిలో వచ్చే మార్పు ఏమిటి అన్న ప్రశ్నలకు మళ్లారు. బతికి ఉన్న మనిషి మెదడులో వీటికి నేరుగా సమాధానం వెతకడం కష్టం కనుక, గత అర్ధశతాబ్దంగా ఆ అన్వేషణ ప్రధానంగా ఎలుకల మీద, వాటికంటే చిన్నవైన చిట్టెలుకల మీద సాగింది. ఆ ప్రయోగాల వల్ల తేలినదేమిటో, తేలనిదేమిటో వివరించడం ఈ ప్రసంగం ఉద్దేశం.

సెరటోనిన్‌ను 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ రక్తరసి నుంచి వేరుచేశారు. రక్తనాళాలను బిగుసుకునేలా చేసే పదార్థం కోసం వారు వెతుకుతుండగా ఇది దొరికింది. అంతకుముందే ఇటలీలో విత్తోరియో ఎర్స్పామర్ పేగు గోడల కణాల్లో గుర్తించిన పదార్థమూ ఇదీ ఒకటేనని 1952 నాటికి స్పష్టమైంది. మరుసటి ఏడాది బెట్టీ ట్వారోగ్, ఇర్విన్ పేజ్ క్షీరదాల మెదడులో కూడా అది ఉన్నట్లు చూపించారు. శరీరంలోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. అది రక్తంలో ప్రవహించినా మెదడులోకి చేరలేదు గనుక, మెదడు తనకు కావలసినదాన్ని ఆహారం ద్వారా వచ్చే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి తానే తయారుచేసుకుంటుంది. మానవ మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో ఈ పని చేసేవి కొన్ని లక్షలకు మించవు. అవి మెదడు కాండం నడిమి రేఖ వెంబడి, రాఫే కేంద్రకాలు అనే గుంపులుగా ఉంటాయి. అక్కడి నుంచి బయలుదేరిన తంతువులు మాత్రం మెదడులోని దాదాపు ప్రతి ప్రాంతానికీ చేరుతాయి.

ఒక నాడీకణం మరొక దానికి సమాచారం అందించే చోటును నాడీసంధి అంటారు. ఆ సంధిలో రెండు కణాలూ ఒకదానికొకటి తగలవు. మొదటి కణం విడుదల చేసిన సెరటోనిన్ మధ్యనున్న అతి సన్నని ఖాళీని దాటి, రెండో కణం పొర మీద ఉన్న ప్రత్యేకమైన ప్రొటీన్లకు అతుక్కుంటుంది. ఆ ప్రొటీన్లకే గ్రాహకాలని పేరు. పని ముగిసిన సెరటోనిన్‌ను తిరిగి మొదటి కణంలోకి తీసుకుపోయే మరో ప్రొటీన్ ఉంది, దానిని వాహకం అంటారు. ఫ్లువోక్సెటిన్ వంటి మందులు ఈ వాహకాన్ని అడ్డుకోవడం వల్ల సెరటోనిన్ సంధిలోనే ఎక్కువసేపు నిలిచి, అందుబాటులో ఉన్న గ్రాహకాలన్నింటి మీదా ఒకేసారి పనిచేస్తుంది. ఈ ‘అన్నింటి మీదా’ అన్న మాటలోనే అసలు చిక్కు ఉంది, ఎందుకంటే ఆ గ్రాహకాలన్నీ ఒకే పని చేయవు.

గ్రాహకాల్లో రకాలున్నాయన్న సూచన 1957లోనే వచ్చింది. గినీపంది పేగు ముక్క సెరటోనిన్‌కు ఎలా ముడుచుకుంటుందో పరీక్షించిన జాన్ గాడమ్, జులైకా పికరెల్లీ, ఆ స్పందనలో కొంత భాగాన్ని ఒక నిరోధకం, మిగతా భాగాన్ని వేరొక నిరోధకం ఆపుతున్నాయని గమనించి, గ్రాహకాలు కనీసం రెండు రకాలని తేల్చారు. 1979లో స్టీఫెన్ పెరౌట్కా, సాలమన్ స్నైడర్ ఎలుక మెదడులో రెండు వేర్వేరు గ్రాహకాలను గుర్తించి, ఒకటి, రెండు అని సంఖ్యలు ఇచ్చారు. తరువాత జన్యువులను విడదీసి చదివే పద్ధతులు రావడంతో ఆ సంఖ్య పెరిగి, క్షీరదాల్లో ఏడు కుటుంబాలకు చెందిన 14 రకాల గ్రాహకాలు లెక్కకు వచ్చాయి. వాటిలో ‘5-బి’ అనేది ఎలుకల్లో పనిచేస్తుంది గానీ మనిషిలో దాని జన్యువు పనికిరాకుండా పోయింది. మూడో కుటుంబపు గ్రాహకం అయాన్లను లోపలికి వదిలే మార్గం కనుక సెకనులో వెయ్యో వంతు వ్యవధిలో స్పందిస్తుంది. మిగిలినవన్నీ కణం లోపలి జి-ప్రొటీన్ల ద్వారా నెమ్మదిగా పనిచేస్తాయి. ఒకటో కుటుంబం సాధారణంగా కణాన్ని శాంతపరుస్తుంది. రెండో కుటుంబమూ, నాలుగు, ఆరు, ఏడు సంఖ్యల గ్రాహకాలూ ఎక్కువగా దాన్ని ఉత్తేజపరుస్తాయి. ఒకే రసాయనం తాను చేరిన చోటును బట్టి పరస్పర విరుద్ధమైన ఫలితాలు ఇవ్వగలదన్నమాట.

సెరటోనిన్‌కూ మనోవ్యాధికీ సంబంధం ఉందన్న ఊహకు దారితీసిన తొలి ఆధారాల్లో ఒకటి భారతదేశపు మొక్క నుంచే వచ్చింది. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్య పత్రికలో ప్రచురించిన వ్యాసం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. ఆ వేరు నుంచి వేరుచేసిన రెసర్పిన్ అనే పదార్థం మెదడులోని సెరటోనిన్ నిల్వలను ఖాళీ చేస్తుందని 1955లో అమెరికా పరిశోధకులు కనుగొన్నారు. రెసర్పిన్ ఇచ్చిన జంతువులు కనురెప్పలు వాల్చి కదలకుండా పడి ఉండేవి. అది వాడిన రక్తపోటు రోగుల్లో కొందరు దిగులుపడుతున్నారని కూడా వైద్యులు రాశారు, కాని ఆ రెండో మాటకు ఆధారం బలంగా లేదని తరువాతి సమీక్షలు తేల్చాయి. అదే దశాబ్దంలో క్షయకు వాడిన ఇప్రోనియాజిడ్ రోగుల్లో ఉత్సాహం పెంచుతున్నట్లు కనిపించింది. స్విట్జర్లాండ్‌లో రోలాండ్ కూన్ ఇమిప్రమిన్ అనే మందు కుంగుబాటును తగ్గిస్తుందని గుర్తించాడు. ఈ రెండు మందులూ సెరటోనిన్‌తోపాటు నారడ్రినలిన్ అనే మరో రసాయనాన్ని కూడా ప్రభావితం చేసేవి. ప్రధానంగా సెరటోనిన్ వాహకం మీదనే పనిచేసే ఫ్లువోక్సెటిన్ గురించి ఎలై లిలీ సంస్థ శాస్త్రజ్ఞులు 1974లో ప్రకటించగా, 1987 చివరిలో అమెరికా ప్రభుత్వం దానికి అనుమతి ఇచ్చింది. ఆ మందు పేటెంటు రక్షణ ముగిసిన 2001లో, 40 మిల్లీగ్రాముల క్యాప్స్యూల్‌ను అమెరికాలో 180 రోజులపాటు ప్రత్యేక హక్కుతో అమ్మే అవకాశం హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్‌కు దక్కడం భారత ఔషధ పరిశ్రమ చరిత్రలో ఒక ముఖ్య ఘట్టం.

మందులు దొరికాయి గాని అవి ఏ దారిన పనిచేస్తున్నాయో తెలియలేదు. ఆ దారి వెతకడానికి జంతువు కావాలి. అయితే ఎలుక తన నిరాశను, అపరాధ భావాన్ని మాటల్లో చెప్పలేదు గనుక, ప్రవర్తనలో కొలవదగిన దేనినైనా ఎంచుకోవాలి. 1977లో ఫ్రాన్స్‌లో పనిచేస్తున్న రోజర్ పోర్సోల్ట్ రూపొందించిన నిర్బంధ ఈత పరీక్ష అలాంటిది. నీళ్లున్న గాజు గొట్టంలో దింపిన ఎలుక మొదట బయటపడటానికి గట్టిగా ప్రయత్నించి, కొంతసేపటికి తల మాత్రం నీటిపైన ఉంచి కదలకుండా తేలుతుంది. ఆ నిశ్చలంగా ఉన్న కాలాన్ని గడియారంతో కొలుస్తారు. కుంగుబాటు మందులు ఆ కాలాన్ని తగ్గిస్తాయి. చిట్టెలుకను తోకతో ఆరు నిమిషాలు వేలాడదీసి దాని పెనుగులాటను కొలిచే పరీక్ష 1985లో వచ్చింది. 1995లో అమెరికాలో ఇర్విన్ లూకీ బృందం ఈత పరీక్షను మెరుగుపరచి ఒక ఆసక్తికరమైన తేడాను చూపించింది: సెరటోనిన్ మీద పనిచేసే మందులు ఎలుక ఈదే సమయాన్ని పెంచగా, నారడ్రినలిన్ మీద పనిచేసేవి అది గోడలెక్కే ప్రయత్నాలను పెంచాయి.

ఈ రెండు పరీక్షల్లోనూ ఒక లోపం ఉంది. మనుషుల్లో వారాలు పట్టే ఫలితం ఇక్కడ ఒకటి రెండు మోతాదులకే కనిపిస్తుంది. అందుకే కాలవ్యవధిని ప్రతిబింబించే ఇతర పద్ధతులు అవసరమయ్యాయి. పాల్ విల్నర్ 1980ల్లో అభివృద్ధి చేసిన పద్ధతిలో ఎలుకలను వారాల తరబడి స్వల్పమైన, ఊహించరాని ఇబ్బందులకు గురిచేస్తారు. తడిసిన పరుపు, వంచిన పంజరం, రాత్రిపూట వెలుతురు వంటివి. అలాంటి ఎలుకలు మామూలుగా ఇష్టపడే చక్కెర నీళ్ల మీద ఆసక్తి కోల్పోతాయి, వారాలపాటు మందు ఇస్తే ఆ ఆసక్తి తిరిగి వస్తుంది. మరొక పద్ధతిలో, ఆకలితో ఉన్న చిట్టెలుకను వెలుతురు ఎక్కువగా ఉన్న కొత్తచోట వదిలి, మధ్యలో పెట్టిన ఆహారాన్ని ముట్టుకోవడానికి అది ఎంతసేపు జంకుతుందో లెక్కిస్తారు. ఈ జంకు కూడా వారాల చికిత్సకు గాని తగ్గదు.

ఇక మందుల ఫలితానికి సెరటోనిన్ నిజంగా అవసరమా అన్నది తొలి ప్రశ్న. పారాక్లోరోఫినైలాలనిన్ అనే పదార్థం సెరటోనిన్ తయారీకి అవసరమైన ఎంజైమును అడ్డుకుంటుందని 1966లో తెలిసింది. దానితో మెదడులోని సెరటోనిన్‌ను హరించిన జంతువుల్లో ఫ్లువోక్సెటిన్ వంటి మందులు ఈత పరీక్షలో తమ ఫలితాన్ని కోల్పోగా, నారడ్రినలిన్ మందుల ఫలితం చాలావరకు చెక్కుచెదరలేదు. అంటే మొదటి రకం మందులకు సెరటోనిన్ తప్పనిసరి. అయితే జన్యుమార్పిడి ద్వారా మెదడులో సెరటోనిన్ దాదాపు లేకుండా పుట్టించిన చిట్టెలుకలు ఈ పరీక్షల్లో కుంగుబాటు లక్షణాలు చూపలేదని 2014లో ఒక అమెరికా బృందం ప్రకటించింది. మందు పనిచేయడానికి సెరటోనిన్ కావాలన్న మాటకూ, సెరటోనిన్ లోపమే వ్యాధికి కారణమన్న మాటకూ మధ్య ఎంత దూరముందో ఈ రెండు ఫలితాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

గ్రాహకాలన్నింటిలో ఎక్కువ పరిశోధన జరిగింది, ఎక్కువ వెలుగు పడింది ‘1-ఎ’ అనే గ్రాహకం మీద. ఇది మెదడులో రెండు చోట్ల, రెండు విరుద్ధమైన పాత్రల్లో ఉంటుంది. జ్ఞాపకానికీ భావోద్వేగాలకూ సంబంధించిన హిప్పోకాంపస్ వంటి ప్రాంతాల్లో ఇది సెరటోనిన్ సందేశాన్ని అందుకునే కణాల మీద ఉంటుంది. రాఫే కేంద్రకాల్లో మాత్రం సెరటోనిన్‌ను తయారుచేసే కణాల మీదనే ఉండి, తమ చుట్టూ ఆ రసాయనం ఎంత ఉందో పసిగడుతుంది. ఇలాంటి దాన్ని స్వీయ గ్రాహకం అంటారు. మేడ మీది నీళ్ల ట్యాంకులో మట్టం పెరగగానే పైకి తేలి కుళాయిని మూసే బంతి చేసే పని లాంటిదే దీని పనీ: సెరటోనిన్ పెరగగానే ఇది కణాన్ని అణచి, కొత్తగా విడుదల కాకుండా చూస్తుంది.

మందు ఫలితం ఆలస్యం కావడానికి ఒక ముఖ్య వివరణ ఇక్కడే దొరికింది. 1980ల్లో కెనడాలోని మాంట్రియల్‌లో క్లోడ్ ద మోంటిన్యీ, పియేర్ బ్లియే ఎలుకల రాఫే కణాల్లోకి సూక్ష్మమైన ఎలక్ట్రోడ్లు పంపి వాటి విద్యుత్ స్పందనలను నమోదుచేశారు. వాహకాన్ని అడ్డుకునే మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లో, పెరిగిన సెరటోనిన్ స్వీయ గ్రాహకాలను తాకడంతో ఆ కణాల స్పందన బాగా తగ్గిపోయింది. అంటే మందు ఒక చేత్తో ఇచ్చిన దాన్ని మెదడు మరో చేత్తో వెనక్కు తీసుకుంది. చికిత్స రెండు మూడు వారాలు కొనసాగేసరికి స్వీయ గ్రాహకాలు మొద్దుబారి, కణాల స్పందన మామూలు స్థాయికి వచ్చింది, వాహకం మాత్రం ఇంకా మూసే ఉండటంతో హిప్పోకాంపస్‌కు చేరే సెరటోనిన్ సందేశం నికరంగా బలపడింది. ఎలుకలో ఈ మార్పుకు పట్టిన కాలమూ, రోగి కోలుకోవడానికి పట్టే కాలమూ దాదాపు సరిపోలడం ఈ వివరణకు బలం చేకూర్చింది.

ఆ వివరణ సరైనదైతే, స్వీయ గ్రాహకాలను మొదటి రోజు నుంచే మరొక మందుతో అడ్డుకుంటే వారాల నిరీక్షణ తప్పాలి. ఈ తర్కంతో స్పెయిన్‌లో ఫ్రాన్సెస్క్ ఆర్టిగాస్ బృందం, గుండెజబ్బులకు వాడే పిండలాల్ అనే మందును కుంగుబాటు మందుకు జోడించి, ఆశాజనకమైన తొలి ఫలితాలను 1994లో ప్రకటించింది. తరువాతి పరీక్షలు మిశ్రమ ఫలితాలనిచ్చాయి. పిండలాల్ కొందరిలో తొలి స్పందనను వేగవంతం చేసింది గాని అంతిమ ఫలితాన్ని నమ్మకంగా పెంచలేకపోయింది. మనుషులకు ఇచ్చిన మోతాదు స్వీయ గ్రాహకాలను తగినంతగా ఆక్రమించలేదన్నది దీనికి చెప్పిన కారణాల్లో ఒకటి.

1-ఎ గ్రాహకం జన్యువును పూర్తిగా తొలగించిన చిట్టెలుకలను 1998లో మూడు బృందాలు విడివిడిగా తయారుచేశాయి. ఆ జంతువులు కొత్త ప్రదేశాల్లో ఎక్కువ భయం చూపాయి, అదే సమయంలో ఈదే లేదా వేలాడే పరీక్షల్లో మందు ఇచ్చినవాటిలాగా తక్కువ నిశ్చలంగా ఉన్నాయి. పుట్టుక నుంచీ, మెదడంతటా గ్రాహకం లేకపోతే రెండు పాత్రల్లో ఏది పోయినందువల్ల ఏ ఫలితం వచ్చిందో చెప్పడం సాధ్యం కాదు. ఈ చిక్కును విప్పడంలో కొలంబియా విశ్వవిద్యాలయంలో రెనే హెన్ నడిపిన ప్రయోగశాల కృషి విశేషమైనది. పిల్ల వయసులో ముందు మెదడులో ఆ గ్రాహకాన్ని తిరిగి కల్పిస్తే పెద్దయ్యాక ఆందోళన మామూలు స్థాయిలోనే ఉంటుందని 2002లో ఆ బృందం చూపించింది; గ్రాహకం ఎక్కడ ఉందన్నదే కాక, ఏ వయసులో ఉందన్నది కూడా ముఖ్యమని దానితో తేలింది.

2003లో అదే బృందం మరో మెట్టు ఎక్కింది. 1-ఎ గ్రాహకం లేని చిట్టెలుకల్లో వారాలపాటు ఫ్లువోక్సెటిన్ ఇచ్చినా కొత్తచోట తినడానికి జంకే గుణం తగ్గలేదు, నారడ్రినలిన్ మీద కూడా పనిచేసే ఇమిప్రమిన్ మాత్రం వాటిలోనూ పనిచేసింది. దీనితోపాటు, హిప్పోకాంపస్‌లో పెద్దయ్యాక కూడా పుట్టే కొత్త నాడీకణాలను ఎక్స్‌కిరణాలతో నిలిపివేస్తే మందు ఫలితం పోతుందని వారు గమనించారు. సెరటోనిన్ 1-ఎ గ్రాహకం ద్వారా కొత్త కణాల పుట్టుకకు దోహదం చేస్తుందని, ఆ కణాలు ఎదిగి వలయంలో చేరడానికి వారాలు పడుతుందని, ఆలస్యానికి ఇదీ ఒక కారణం కావచ్చునని ఒక కొత్త ఆలోచన దీనితో స్థిరపడింది. అయితే కొన్ని జాతుల చిట్టెలుకల్లో, కొన్ని పరీక్షల్లో కొత్త కణాలు లేకపోయినా మందు పనిచేసిందని ఇతరులు చూపడంతో, ఇది ఏకైక మార్గం కాదని కూడా తెలిసింది.

2010లో వచ్చిన ప్రయోగం మరింత సూక్ష్మమైనది. ఈసారి గ్రాహకాన్ని తొలగించకుండా, పెద్దయిన చిట్టెలుకల రాఫే కణాల్లో మాత్రమే స్వీయ గ్రాహకాల సంఖ్యలో సుమారు 30 శాతం తేడా వచ్చేలా చేశారు. స్వీయ గ్రాహకాలు తక్కువగా ఉన్న జంతువులు ఫ్లువోక్సెటిన్‌కు స్పందించగా, ఎక్కువగా ఉన్నవి స్పందించలేదు. మనుషుల్లో కూడా ఈ గ్రాహకం జన్యువును నియంత్రించే భాగంలో ఒక సాధారణమైన తేడా ఉందని, దానికి మందుల స్పందనతో సంబంధం ఉండవచ్చునని అప్పటికే కొన్ని అధ్యయనాలు సూచించాయి గనుక, ఒకే మాత్ర ఒకరికి పనిచేసి మరొకరికి పనిచేయకపోవడానికి ఒక కారణాన్ని ఈ ప్రయోగం చూపినట్లయింది. 2015లో వెలువడిన మరో అధ్యయనం హిప్పోకాంపస్‌లోని దంత వలయం అనే భాగంలో, పూర్తిగా ఎదిగిన కణాల మీది 1-ఎ గ్రాహకాలు లేకపోతే ఫ్లువోక్సెటిన్ ఫలితం ఉండదని నిరూపించింది. ఇవన్నీ కలిపి చూస్తే, రాఫేలో ఆ గ్రాహకం నోరు మూయించాలి, హిప్పోకాంపస్‌లో అదే గ్రాహకం చురుకుగా ఉండాలి అన్న నిర్ణయానికి రావలసి ఉంటుంది.

మిగిలిన గ్రాహకాల కథలు ఇంత స్పష్టంగా లేకపోయినా, కొన్నింటిని ప్రస్తావించక తప్పదు. ‘1-బి’ గ్రాహకం నాడీతంతువుల చివర ఉండి అక్కడి సెరటోనిన్ విడుదలను అదుపు చేస్తుంది. 2006లో నోబెల్ గ్రహీత పాల్ గ్రీన్‌గార్డ్ ప్రయోగశాలలో పెర్ స్వెన్నింగ్సన్ తదితరులు, పి11 అనే చిన్న ప్రొటీన్ ఈ గ్రాహకాన్ని కణం పొర మీదికి చేర్చుతుందని కనుగొన్నారు. కుంగుబాటు లక్షణాలు చూపే చిట్టెలుకల మెదడులోనూ, ఆ వ్యాధితో మరణించినవారి మెదడు కణజాలంలోనూ పి11 తక్కువగా ఉండగా, మందులు, విద్యుత్ చికిత్స ఎలుకజాతి జంతువుల్లో దాన్ని పెంచాయి. ‘4’వ గ్రాహకాన్ని నేరుగా ఉద్దీపింపజేసే ఒక రసాయనం ఎలుకల్లో మూడు రోజుల్లోనే, సాధారణ మందులకు రెండు మూడు వారాలు పట్టే మార్పులను తెచ్చిందని 2007లో మాంట్రియల్ పరిశోధకులు చూపడంతో, వేగంగా పనిచేసే మందు దొరకవచ్చునన్న ఆశ కలిగింది. ‘7’వ గ్రాహకాన్ని అడ్డుకున్నా, దాని జన్యువును తొలగించినా చిట్టెలుకల్లో నిశ్చలత తగ్గింది. ‘6’వ గ్రాహకం విషయంలో దాన్ని ఉద్దీపించే పదార్థాలూ, నిరోధించే పదార్థాలూ రెండూ కుంగుబాటు మందులవలె పనిచేయడం ఇంకా పరిష్కారం కాని విరోధాభాస; హైదరాబాద్‌కు చెందిన సువెన్ లైఫ్ సైన్సెస్ ఈ గ్రాహకాన్ని నిరోధించే ఒక అణువును ప్రధానంగా అల్జీమర్స్ వ్యాధి కోసం మనుషులపై పరీక్షలదాకా తీసుకువెళ్లింది.

రెండో కుటుంబం మరింత జటిలమైనది. మిర్టజపిన్ వంటి కొన్ని పాత మందులు ‘2-ఎ’ గ్రాహకాన్ని నిరోధిస్తాయి, చాలా మందులు వారాల వాడకంలో దాని సంఖ్యను తగ్గిస్తాయి. అలాంటప్పుడు అదే గ్రాహకాన్ని బలంగా ఉద్దీపించే సిలోసైబిన్, అంటే కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే భ్రాంతికారక పదార్థం, కుంగుబాటును తగ్గించడం వింతగా కనిపిస్తుంది. ఒక్క మోతాదు సిలోసైబిన్ చిట్టెలుక ముందు మెదడులోని నాడీసంధులు ఏర్పడే ముళ్లవంటి భాగాలను సుమారు 10 శాతం పెంచిందని, ఆ మార్పు నెలరోజుల తరువాత కూడా నిలిచిందని 2021లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించారు. అదే ఏడాది మేరీలాండ్ విశ్వవిద్యాలయ బృందం, 2-ఎ గ్రాహకాన్ని కెటాన్సెరిన్ అనే నిరోధకంతో అడ్డుకున్నా చిట్టెలుకల్లో సిలోసైబిన్ ఉపశమన ఫలితం పోలేదని చూపింది. భ్రాంతికి కారణమైన గ్రాహకమే ఉపశమనానికీ కారణమా అన్న వాదం ఇంకా ముగియలేదు. ‘2-బి’ గ్రాహకం లేని చిట్టెలుకల్లో ఫ్లువోక్సెటిన్ వంటి మందులు పనిచేయవని 2012లో ఫ్రెంచి పరిశోధకులు చూపారు గాని, ఆ గ్రాహకాన్ని ఉద్దీపించే మందులు గుండె కవాటాలను పాడుచేస్తాయని అంతకుముందే తెలిసినందున అది మందుల తయారీకి అనువైన దారి కాలేకపోయింది.

ఇంత సమాచారం చేతిలో ఉన్నా, దాని బరువును సరిగ్గా తూచాలంటే ప్రయోగాల పరిమితులు గుర్తుంచుకోవాలి. నీటిలో ఎలుక కదలకుండా తేలడం నిరాశకు గుర్తు కాదని, బయటపడే దారి లేదని నేర్చుకున్న జంతువు శక్తిని పొదుపు చేసుకోవడమే కావచ్చునని చాలామంది శాస్త్రజ్ఞులు వాదిస్తున్నారు. అందువల్ల ఆ పరీక్ష వ్యాధికి నమూనాగా కాక, కుంగుబాటు మందుల లక్షణాలున్న పదార్థాలను ఏరడానికి పనికొచ్చే జల్లెడగానే నిలుస్తుంది; కొన్ని పెద్ద ఔషధ సంస్థలు దాన్ని పూర్తిగా మానుకున్నాయి. చిట్టెలుకల్లో ఒక జాతికి పనిచేసిన మందు మరొక జాతికి పనిచేయకపోవచ్చు. కుంగుబాటు స్త్రీలలో ఎక్కువగా కనిపించే వ్యాధి అయినా, ఈ ప్రయోగాల్లో చాలావాటిని మగ జంతువుల మీదనే చేశారు. జంతువులకు కలిగే బాధ కూడా లెక్కలోకి రావలసిన అంశమే. భారతదేశంలో 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద ఏర్పడిన కమిటీ ఇలాంటి ప్రయోగాలను పర్యవేక్షిస్తుంది, ప్రతి సంస్థలోనూ నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాలపాటు దేశంలోని ప్రయోగశాలలకు జంతువులను ఆ నిబంధనలకు లోబడి సమకూర్చింది.

అన్నిటికంటే సూక్ష్మమైన పరిమితి గ్రాహకాల నిర్మాణంలోనే ఉంది. ఎలుక 1-బి గ్రాహకానికీ మనిషి 1-బి గ్రాహకానికీ మధ్య కీలకమైన చోట ఒకే ఒక్క అమైనో ఆమ్లం తేడా ఉందని, దానివల్ల పిండలాల్ వంటి మందులు ఎలుక గ్రాహకానికి గట్టిగా అతుక్కుని మనిషి గ్రాహకానికి అతుక్కోవని 1992లో తెలిసింది. వాహకంతోపాటు 1-ఎ, 1-బి, 3, 7 గ్రాహకాల మీద కూడా పనిచేసే వార్టియోక్సెటిన్ అనే మందుకు అమెరికాలో 2013లో అనుమతి లభించింది. ఇది కూడా ఎలుక 1-ఎ, 7 గ్రాహకాలకంటే మనిషి గ్రాహకాలకే బలంగా అతుక్కుంటుంది. ఎలుకల్లో 1-ఎ ఉద్దీపకాలు ఎంత చక్కగా పనిచేసినా, వాటిలో మొదటగా 1986లో అనుమతి పొందిన బుస్పిరోన్ ఆందోళనకే పరిమితమైంది. కుంగుబాటు కోసం అదే తరహా జెపిరోన్‌కు అనుమతి రావడానికి 2023 దాకా పట్టింది.

2022లో లండన్ పరిశోధకులు ప్రచురించిన ఒక విస్తృత సమీక్ష, కుంగుబాటు రోగుల్లో సెరటోనిన్ తక్కువగా ఉంటుందనడానికి స్థిరమైన సాక్ష్యం లేదని చెప్పినప్పుడు, మందులు వృథా అన్న అర్థం చాలామంది తీసుకున్నారు. జంతు ప్రయోగాలు చెప్పేది వేరు. ఆ మందులు లోటును పూడ్చవు; అవి గ్రాహకాలను కొత్తగా సర్దుకునేలా ఒత్తిడి చేస్తాయి, ఆ సర్దుబాటుకు కాలం కావాలి. కాబట్టి తొలి వారాల్లో మార్పు కనిపించలేదని మాత్రను మానడం గాని, కొంత తేలికపడగానే వైద్యునికి చెప్పకుండా ఆపడం గాని రోగికి మేలు చేయదు. ఉన్నట్టుండి ఆపితే తలతిరుగుడు, చికాకు, నిద్రపట్టకపోవడం వంటి ఇబ్బందులు కూడా వస్తాయి.

కొత్త అణువు ఒకటి ఎలుకల్లో కుంగుబాటును మాయం చేసిందన్న వార్తలు పత్రికల్లో తరచుగా కనిపిస్తూనే ఉంటాయి. అలాంటి వార్తను చదివే పాఠకుడు మూడు ప్రశ్నలు వేసుకుంటే దాని విలువ తెలుస్తుంది. ఫలితం ఒక్క మోతాదుకు వచ్చిందా, లేక వారాల చికిత్స తరువాత, ఒత్తిడికి గురైన జంతువుల్లో వచ్చిందా అన్నది మొదటిది. ఆ అణువు పట్టుకున్న గ్రాహకం మనిషిలోనూ అదే ఆకారంలో, అదే చోట ఉందా అన్నది రెండోది. ఆ గ్రాహకం మెదడులో ఒకే పాత్రలో ఉందా, లేక 1-ఎ మాదిరిగా ఒకచోట విడుదలను ఆపుతూ మరోచోట ఉపశమనానికి తోడ్పడుతూ ఉందా అన్నది మూడోది. ఈ మూడింటికీ సమాధానం ఉన్న పరిశోధన మీద ఆశ పెట్టుకోవచ్చు. లేనిదాన్ని మొదటి అడుగుగా మాత్రమే గౌరవించాలి.